కార్డుల సీజన్లో లినక్స్ మాయం: ఇమేజ్ ఉంది, విండోస్ చెడకుండా వెనక్కి తెచ్చేదెట్లా?

బురుజు_డీటీపీ (కర్నూలు), సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కర్నూల్లో చిన్న డీటీపీ షాపు నాది. ఒకే సిస్టం, రెండు సంసారాలు. విండోస్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, దినవారాల కార్డులు అన్నీ దాంట్లోనే. ఇంకో పక్క లినక్స్ మింట్. యూనికోడ్‌లో అడిగేవాళ్లకి, వెబ్‌కి ఇచ్చే మ్యాటరుకి, లిబ్రే ఆఫీసులో పుస్తకాలకి అది.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, 11 వేయించుకుందామని సర్వీసు షాపులో ఇచ్చినా. "డీ డ్రైవ్ ముట్టుకోలేదన్నా, మిగతాది అంతా క్లీన్ చేసి కొత్తగా ఏసినాం" అని నవ్వుతా ఇచ్చినాడు. ఇంటికొచ్చి ఆన్ చేస్తే లినక్స్ మెనూనే రాలే. నేరుగా విండోస్‌లోకి పోతాంది. ఈ (E) డ్రైవ్ అని కొత్తది ఒకటి కనపడుతోంది, ఖాళీగా.

ఎనిమిది నెలల కింద మా అక్క కొడుకు హైదరాబాద్ పోయే ముందు క్లోన్‌జిల్లాతో (డిస్కుని ఉన్నదున్నట్టు ఇమేజ్‌గా కాపీ తీసే ప్రోగ్రాం) ఏదో బ్యాకప్ తీసి 1 టీబీ బయటి డిస్కులో పెట్టి పోయినాడు. ఆ ఫోల్డర్ ఉంది. ఇప్పుడు వాడికి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నా మామా అంటాడు. శ్రావణం ముహూర్తాలు నెత్తిన కూర్చున్నాయి, 11 కార్డులు చేతిలో ఉన్నాయి. లినక్స్ వెనక్కి రావాల, విండోస్‌కి ఒక్క గీత కూడా పడకూడదు. ఎట్లా?

అనంత_పెంగ్విన్ (అనంతపురం), సోమవారం రాత్రి 9:58

అన్నా, దీనికి ఇమేజ్ ఏంటికన్నా? మింట్ కొత్తగా వేసుకో, అర గంట పని. ఈ డ్రైవ్ తీసేసి ఆ ఖాళీలో ఇన్‌స్టాల్ కొట్టు, మెనూ దానంతట అదే వస్తాది. ఎనిమిది నెలల పాత ఇమేజ్ పెట్టినా తర్వాత ఎట్లా అయినా గంట సేపు అప్‌డేట్లు దించుకోవాల్సిందే.

గండికోట_రూట్ (కడప జిల్లా), సోమవారం రాత్రి 10:15

పెంగ్విన్ తమ్ముడూ, కొంచెం నిదానం. ఆయన కీబోర్డు, ఫాంట్లు, స్టైల్ షీట్లు ఎన్నాళ్లు కూర్చుని సర్దుకున్నాడో మనకి తెలీదు.

బురుజు గారూ, ముందు ఆ ఈ డ్రైవ్‌లో ఒక్క ఫైలు కూడా పెట్టొద్దండి. ఎక్కువ సార్లు లినక్స్ యాడికీ పోదు. విండోస్ మళ్లీ వేసేటప్పుడు బూట్ మేనేజర్ తనది ముందుకు తోసుకుంటాది, గ్రబ్ మెనూ (ఏ సిస్టం తెరవాలని అడిగేది) వెనక్కి పోతాది, మనం అంతా పోయింది అనుకుంటాం. అట్లాంటప్పుడు బ్యాకప్ పెట్టి ఉన్నదాన్ని తుడిచేసుకున్న వాళ్లని ఇద్దరిని చూసినా. మీ విషయంలో కొత్త డ్రైవ్ కనపడుతోంది అంటున్నారు కాబట్టి ఆశ తక్కువ. అయినా చూడాల. మింట్ పెన్‌డ్రైవ్‌తో లైవ్‌లోకి (పెన్‌డ్రైవ్ మీదనే నడిచే మింట్) పోయి ఆ భాగం ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫార్మాట్) అని చూపిస్తాందా, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్) అని చూపిస్తాందా చెప్పండి. ఆ పాత ఫోల్డర్ తెరిచి లోపల "డిస్క్" అనే చిన్న ఫైలు ఉందా, "పార్ట్స్" అనే ఫైలు మాత్రమే ఉందా, దాంట్లో ఏం రాసుందో కూడా చెప్పండి.

బురుజు_డీటీపీ, మంగళవారం ఉదయం 7:20

ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే చూపిస్తోంది సార్. ఫోల్డర్లో డిస్క్ అనే ఫైలు లేదు. పార్ట్స్ ఉంది, దాంట్లో ఎస్‌డీఏ5 అని ఒక్క ముక్క. మిగతావి ఏఏ, ఏబీ, ఏసీ అని తోకలున్న పెద్ద పెద్ద ఫైళ్లు.

ఇంకోటి నిన్న చెప్పలేదు. ఒక రిటైర్డ్ తహసీల్దార్ గారి ఊరి చరిత్ర పుస్తకం, 140 పేజీలు, ఈ ఎనిమిది నెలల్లో కొట్టిందే. అది లినక్స్‌లోనే ఉండె. ఇమేజ్‌లో ఉండదు కదా? ఫార్మాట్ అయిన దాంట్లో నుంచి వెనక్కి తీసే సాఫ్ట్‌వేర్లు ఉంటాయంటారే?

ఏడురోడ్లు (కడప), మంగళవారం ఉదయం 8:05

నేను హార్డ్‌వేర్ పని చేస్తా. నిజం చెప్తా బ్బా, తర్వాత తిట్టుకోవద్దు. మీది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా? పాత తిరిగే డిస్కయితే ఫోటోరెక్, టెస్ట్‌డిస్క్ లాంటివి పెట్టి తవ్వితే సగమన్నా దొరుకుతాది. ఎస్‌ఎస్‌డీ అయితే విండోస్ ఫార్మాట్ కొట్టగానే "ఈ గళ్లన్నీ ఖాళీ, నువ్వు తుడుచుకో" అని డిస్క్‌కి చెప్పేస్తాది. దాన్నే ట్రిమ్ అంటారు. ఆ తర్వాత ఎంత తవ్వినా సున్నాలే. వేలు అడిగే రికవరీ వాళ్ల దగ్గరికి పోయే ముందు ఇది తెలుసుకోని పో.

బురుజు_డీటీపీ, మంగళవారం ఉదయం 8:11

ఎస్‌ఎస్‌డీ. 512 అని రాసి ఉంటది, 476 చూపిస్తది.

హంద్రీ_గట్టు (కర్నూలు), మంగళవారం ఉదయం 9:30

నాయనా బురుజూ, ఆ తహసీల్దారుకి ప్రూఫులు ఎట్లా పంపినావు? కాగితం మీదనా, మెయిల్‌లోనా? మెయిల్‌లో అయితే నీ పంపిన ఉత్తరాలు ఒకసారి తిరగేయి.

అడిగింది ఏంటికంటే, 2009లో నాకు పాతబస్తీలో కంప్యూటర్ సెంటర్ ఉండె. అక్టోబర్ 2, గాంధీ జయంతి, ఎట్లాగూ సెలవు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కటై ఊర్లోకి వచ్చినాయి. నీళ్లు తీసినాక షట్టర్ ఎత్తితే మోకాలి లోతు బురద. బ్యాకప్ తీయలేదు అనుకునేరు. ప్రతి శనివారం సీడీలు రాసి, తేదీ వేసి, ఇనుప బీరువాలో పెడుతుంటి. బీరువా తాళం తీస్తే ముందు నీళ్లు వచ్చినాయి, తర్వాత సీడీలు వచ్చినాయి. పూత పెచ్చులు పెచ్చులుగా చేతికి అంటుకుంది. కాపీలు నాలుగేండ్లవి, గది మాత్రం ఒకటే. ఆ రోజు నాకు మిగిలింది ఏదంటే, నంద్యాల వాళ్లకి కొరియర్ చేసిన ఒక సీడీ. అది బ్యాకప్ అని పంపలే, బిల్లు కోసం పంపింది.

అందుకే అడుగుతున్నా, నీ పని ఇంకొకరి దగ్గర యాడన్నా పడి ఉందేమో చూడు.

బురుజు_డీటీపీ, మంగళవారం మధ్యాహ్నం 1:15

సార్, మీ కాళ్లకు మొక్కాల. ప్రతి అధ్యాయం అయినప్పుడల్లా ఆయనకి మెయిల్ చేసినా. చివరిది మూడు వారాల కిందటిది, 128 పేజీల దాకా ఉంది, ఓడీటీ (లిబ్రే ఆఫీసులో దిద్దుకునే) ఫైలే, పీడీఎఫ్ కాదు. మిగతా 12 పేజీలు ఆయన ఎర్ర సిరాతో దిద్దిన కాగితాలు నా టేబుల్ మీదనే ఉన్నాయి. మళ్లీ కొట్టుకుంటా. రెండు రోజులు.

ఇప్పుడు ఇమేజ్ సంగతి చెప్పండి. పెంగ్విన్ తమ్ముడు చెప్పినట్టు కొత్తగా వేసుకోవచ్చు గానీ, నా తెలుగు కీబోర్డు లేఅవుట్ మా వాడు నా చేతికి తగ్గట్టు మార్చి ఇచ్చినాడు. అది యాడ ఉందో వాడికి కూడా ఇప్పుడు గుర్తులేదంట.

గండికోట_రూట్, మంగళవారం సాయంత్రం 6:40

అయితే ఇమేజే పెడదాం. తొందర పడకుండా చదవండి.

డిస్క్ ఫైలు లేదు, పార్ట్స్ మాత్రమే ఉంది అంటే మీ ఇమేజ్‌లో ఉన్నది లినక్స్ భాగం ఒక్కటే (ఎస్‌డీఏ5, అంటే డిస్కులో ఐదో భాగం). సిస్టం ఆన్ కాగానే మొదట చూసే చిన్న గది ఇంకోటి ఉంటాది, ఈఎఫ్‌ఐ విభజన (పార్టిషన్). విండోస్ తానే చేసుకుంటే మామూలుగా 100 ఎంబీ ఉంటాది, ఫ్యాట్32. విండోస్, లినక్స్ రెండింటి తాళాలూ అక్కడే ఉంటాయి. మీ షాపాయన అది కూడా తీసేసి కొత్తది చేసినట్టుంది, కాబట్టి దాంట్లో విండోస్ తాళం తప్ప ఇంకేం ఉండదు. అంటే ఇమేజ్ పెట్టినంత మాత్రాన బూట్ కాదు. కాకపోతే భయపడొద్దండి, అది రెండో అంకం.

మొదలు పెట్టే ముందు విండోస్‌లోకి పోయి ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటాది, డ్రైవ్‌లు పూర్తిగా మూయదు. అట్లాంటప్పుడు బయటి నుంచి పార్టిషన్లు కదిలిస్తే నష్టం. తర్వాత బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్ 11 కొత్తగా వేసినప్పుడు చాలా మెషీన్లలో మనల్ని అడక్కుండానే ఎన్‌క్రిప్షన్ మొదలవుతాది. బూట్ వరస మారగానే 48 అంకెల రికవరీ కీ అడిగిందంటే, ఆ కీ మీ దగ్గర లేకపోతే కార్డులన్నీ లోపలే. ఉంటే ఆ కీ కాగితం మీద రాసుకోండి. ఆ కంప్యూటర్లోనే నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసుకునేరు!

తర్వాత ఈ డ్రైవ్ తీసేసి అదే చోట పాత సైజుకి తక్కువ కాకుండా ఒక పార్టిషన్ చేయండి. క్లోన్‌జిల్లాలో రిస్టోర్ పార్ట్స్ అనేది తీసుకోండి. పైనే రిస్టోర్ డిస్క్ అని ఉంటాది, దాని జోలికి పోవద్దు. అది మొత్తం డిస్క్ తుడిచి రాసేది. రెండు సార్లు వై అని కొట్టమంటాది. ఆ రెండు సార్లూ మోడల్ పేరు, సైజు, నంబర్ చదివినాకే కొట్టండి. బయటి డిస్కునే టార్గెట్‌గా పెట్టి ఉన్న బ్యాకప్ కూడా పోగొట్టుకున్న మహానుభావులు ఉన్నారు.

ఏడురోడ్లు, మంగళవారం సాయంత్రం 6:52

అన్న చెప్పినదానికి ఒక ముక్క. రాసేటప్పుడు కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. యూపీఎస్ బ్యాటరీ ఎంత సేపు నిలబడుతుందో చూసుకోని మొదలు పెట్టు. నా దగ్గరికి వచ్చే యూపీఎస్‌లలో సగం బీప్ కొట్టడానికి తప్ప దేనికీ పనికిరావు.

బురుజు_డీటీపీ, మంగళవారం రాత్రి 11:05

బిట్‌లాకర్ లేదు, ఫాస్ట్ స్టార్టప్ తీసేసినా. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఈ డ్రైవ్ డిలీట్ చేసి కొత్తది చేసినా, నంబర్ మళ్లీ 5 వచ్చింది. క్లోన్‌జిల్లా మాత్రం టార్గెట్ చిన్నది అని ఎర్రగా చూపించి ఆగిపోయింది. మా వాడు 100 జీబీ ఇచ్చినాడని నాకు బాగా గుర్తు. నేను కూడా 100 జీబీనే ఇచ్చినా. పక్కన స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) కొంచెం వదులుదామని సరిగ్గా 100000 అని కొట్టినా. ఇంకేం చిన్నది?

అనంత_పెంగ్విన్, మంగళవారం రాత్రి 11:20

అన్నా, అక్కడే పడినావు. ఆ డబ్బాలో ఎంబీ లెక్క. 1 జీబీకి 1024 ఎంబీ. 100 జీబీ అంటే 102400. నువ్వు 2400 తక్కువ కొట్టినావు.

నమ్మకం లేకపోతే ఇమేజ్ ఫోల్డర్లో పీటీ డాట్ ఎస్‌ఎఫ్ అని అంతమయ్యే ఫైలు ఉంటాది, నోట్‌ప్యాడ్‌లో తెరువు. 5వ పార్టిషన్ వరసలో సైజ్ పక్కన 209715200 అని ఉండాల. అవి సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు. 2048తో భాగిస్తే 102400. నువ్వు ఇచ్చింది 204800000 సెక్టార్లు అయింటాది. లోపల నిజంగా వాడింది 30 జీబీనే అయినా సరే, పార్టిషన్ మాత్రం పాతదానంత ఉండాల్సిందే. స్వాప్ సంగతి మర్చిపో, మింట్‌లో స్వాప్ ఒక ఫైలుగా లోపలే ఉంటాది.

బురుజు_డీటీపీ, బుధవారం ఉదయం 6:50

209715200! అచ్చంగా అదే అంకె. నీ నోట్లో బక్షం పెట్టాల తమ్ముడూ.

తెల్లవారుజామున 5కి లేచి కరెంటు కుదురుగా ఉన్నప్పుడు పెట్టినా. నీలం తెర మీద శాతం పెరుగుతుంటే నేను స్టవ్ మీద పాలు చూసినట్టు చూసుకుంటా కూర్చున్నా. 14 నిమిషాలు. అయిపోయింది. గండికోట సార్ చెప్పినట్టే బూట్ మాత్రం నేరుగా విండోస్‌కే. లైవ్‌లో చూస్తే నా ఫైళ్లు, డెస్క్‌టాప్ మీద మా పాప ఫోటో అన్నీ ఉన్నాయి!

హంద్రీ_గట్టు, బుధవారం ఉదయం 7:15

పెంగ్విన్, ఇప్పుడు చెప్పు, కొత్తగా వేసుకో అంటివే?

అనంత_పెంగ్విన్, బుధవారం ఉదయం 7:40

సార్, ఇప్పుడు కూడా అదే అంటా. ఎనిమిది నెలలకు ఒక ఇమేజ్ ఉండటం కన్నా, హోం ఫోల్డర్ (మన సొంత ఫైళ్లుండేది) రోజూ కాపీ అయ్యేటట్టు పెట్టుకుని, వేసిన ప్యాకేజీల జాబితా ఒక ఫైల్లో పెట్టుకుంటే మేలు కాదా? ఆ పుస్తకం ఇమేజ్ వల్ల రాలే, మెయిల్ వల్ల వచ్చింది.

గండికోట_రూట్, బుధవారం ఉదయం 8:30

పిల్లోడు మాట్లాడింది తప్పు కాదు. ఇమేజ్ సిస్టంకి, రోజువారీ కాపీ పనికి. ఒకటి ఉంది కదా అని రెండోది మానకూడదు. టైంషిఫ్ట్‌తో (మింట్‌లో సిస్టంని పాత స్థితికి తిప్పే ప్రోగ్రాం) కూడా చాలామంది ఇదే పొరపాటు పడతారు. దాంట్లో హోం ఫోల్డర్ డిఫాల్ట్‌గా ఉండదు, సిస్టం ఫైళ్లే. స్నాప్‌షాట్లు వరసగా కనపడుతున్నాయి కదా అని ధైర్యంగా ఉంటే, ఫోటోలు పోయిన రోజు తెలుస్తాది. అదే డిస్కులో పెట్టుకుంటే మీ షాపాయన చేతిలో అదీ పోయేది.

ఇంకోటి, లినక్స్ సిస్టం ఫైళ్లని విండోస్ ఫార్మాట్ డిస్కు మీదకి మామూలుగా కాపీ కొడితే యజమాని ఎవరు, ఎవరికి ఏ హక్కు అనే వివరాలు ఊడిపోతాయి. వెనక్కి పెట్టినా ఆ సిస్టం లేవదు. క్లోన్‌జిల్లా ఇమేజ్‌కి ఆ బాధ లేదు, ఎందుకంటే అన్నీ మూట కట్టి పెడుతుంది.

ఇక బురుజు గారి రెండో అంకం. మింట్ పెన్‌డ్రైవ్‌ని బూట్ మెనూలో యూఈఎఫ్‌ఐ అని ముందు రాసున్న వరస నుంచే తెరవండి. అదే పెన్‌డ్రైవ్ రెండు సార్లు కనపడితే యూఈఎఫ్‌ఐ అని లేనిది పాత పద్ధతి, దాంట్లో పోతే ఈ పని కాదు. లోపలికి పోయి ఎస్‌డీఏ5ని మౌంట్ చేసి (అంటే వాడుకోవడానికి తగిలించి), ఆ మౌంట్ లోపలి బూట్ ఈఎఫ్‌ఐ ఫోల్డర్ మీద కొత్త ఈఎఫ్‌ఐ విభజనని మౌంట్ చేయాల. డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ బైండ్ చేసి సీహెచ్‌రూట్ కొట్టాల. అంటే పెన్‌డ్రైవ్ ఇంట్లో నిలబడి మీ సొంత ఇంట్లోకి అడుగు పెట్టినట్టు. అక్కడ గ్రబ్ ఇన్‌స్టాల్, తర్వాత అప్‌డేట్ గ్రబ్. అయినాక ఈఎఫ్‌ఐ విభజనలో మైక్రోసాఫ్ట్ పక్కన ఉబుంటు అనే ఫోల్డర్ కొత్తగా కనపడాల. మింట్ అయినా ఆ పేరు ఉబుంటు అనే వస్తాది, కంగారు పడొద్దు. ఆదేశాలు అక్షరం పొల్లు పోకుండా మీకు విడిగా పంపినా, చూసుకోండి.

బురుజు_డీటీపీ, బుధవారం రాత్రి 9:10

ఉబుంటు ఫోల్డర్ వచ్చింది. రీస్టార్ట్ చేస్తే మింట్ గుర్తు కూడా వచ్చింది. సంతోషంగా ఇంట్లో వాళ్లని పిలిచినా. అంతే. నల్ల తెర మీద ఏదో జాబ్ నడుస్తోంది అని 1 నిమిషం 30 సెకన్ల దాకా లెక్కపెట్టి, ఎమర్జెన్సీ మోడ్ అని ఆగింది. ఇంట్లో వాళ్లు "ఇదేనా వచ్చింది" అని పోయినారు.

గండికోట_రూట్, బుధవారం రాత్రి 9:25

ఇది రావాల్సిందే, నేనే ముందు చెప్పి ఉండాల్సింది. ప్రతి విభజనకి ఒక గుర్తింపు సంఖ్య ఉంటాది, యూయూఐడీ. లినక్స్ లేచేటప్పుడు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలు చూసి "ఫలానా నంబరు వాడు రావాల" అని ఎదురు చూస్తాది. 90 సెకన్లు చూస్తాది, రాకపోతే అలుగుతాది. మీ లినక్స్ భాగానిది ఇమేజ్‌తో పాటే పాత సంఖ్యే వచ్చింది, దానికి ఢోకా లేదు. ఈఎఫ్‌ఐ విభజన మాత్రం షాపాయన కొత్తగా చేసింది కాబట్టి కొత్త సంఖ్య. ఫైల్లో ఇంకా చచ్చిపోయిన దాని నంబరే ఉంది.

లైవ్‌లోకి పోయి బీఎల్‌కేఐడీ అనే ఆదేశం కొట్టండి. ఫ్యాట్ అని ఉన్న వరసలో నాలుగు అక్షరాలు, ఒక గీత, మళ్లీ నాలుగు అక్షరాల చిన్న సంఖ్య ఉంటాది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో బూట్ ఈఎఫ్‌ఐ అనే వరసలో పాతది తీసి ఇది పెట్టండి. ఆ ఒక్క వరసే. పక్క వరసలో వేలు పెట్టొద్దు.

బురుజు_డీటీపీ, బుధవారం రాత్రి 10:02

వచ్చేసింది సార్!! ఈసారి ముందు ఎవర్నీ పిలవలే. లిబ్రే ఆఫీస్ తెరిచి "క్ష్మ" కొట్టి చూసినా, మా వాడి లేఅవుట్ అట్లనే ఉంది.

రెండు చిన్న చిక్కులు. మెనూలో మింట్ మాత్రమే ఉంది, విండోస్ లేదు (బయాస్ మెనూ నుంచి పోతే తెరుచుకుంటోంది, బతికే ఉంది). ఇంకోటి, లినక్స్ నుంచి విండోస్‌లోకి పోతే గడియారం వెనక్కి పోతోంది. రాత్రి 10 గంటలకు సాయంత్రం 4:30 అంటోంది.

అనంత_పెంగ్విన్, బుధవారం రాత్రి 10:20

రెండూ నావే అన్నా. గ్రబ్ 2.06 నుంచి, అంటే 2021 నుంచి, పక్క సిస్టంలని వెతికే ఓఎస్ ప్రోబర్‌ని డిఫాల్ట్‌గా ఆపేసినారు. ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డర్లోని గ్రబ్ ఫైల్లో డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అనే వరస ఫాల్స్ అని పెట్టి అప్‌డేట్ గ్రబ్ కొట్టు.

గడియారం కథ ఏందంటే, బోర్డు మీద ఉన్న గడియారంలో లినక్స్ గ్రీన్‌విచ్ లెక్క పెడుతుంది, విండోస్ దాన్నే మన టైం అనుకుంటది. మనకి తేడా 5:30. టైం డేట్ సీటీఎల్‌లో సెట్ లోకల్ ఆర్‌టీసీ 1 అని ఇస్తే లినక్సే విండోస్ దారికి వస్తాది. ముహూర్తం కార్డుల మీద టైం మాత్రం నువ్వే చూసి కొట్టు!

ఏడురోడ్లు, గురువారం ఉదయం 8:45

అన్నీ అయినాయి కదా, ఇప్పుడు అప్‌డేట్లు చేసి, ఇంకో ఇమేజ్ తీయి. ఈసారి ఈఎఫ్‌ఐ విభజన కూడా టిక్ పెట్టు. తీసినాక ఇమేజ్ రిస్టోర్ అవుతుందో లేదో చెక్ చేయమంటావా అని క్లోన్‌జిల్లా అడుగుతాది. అందరం దాన్ని దాటేసి పోతాం, నువ్వు దాటొద్దు. ఇంకా నమ్మకం కావాలంటే మా దగ్గరికి రా, పాత డిస్కులు బస్తా ఉన్నాయి, ఒకటి తీసుకోని దాని మీద పెట్టి లేపి చూడు.

బురుజు_డీటీపీ, ఆదివారం సాయంత్రం 5:30

ఆలస్యానికి క్షమించండి. 11 కార్డులూ ప్రింటుకి పోయినాయి, 12 పేజీలు మళ్లీ కొట్టేసినా. తహసీల్దార్ గారికి జరిగింది చెప్పలే, చెప్తే భయపడతాడు.

కొత్త ఇమేజ్ రెండు డిస్కుల మీద తీసినా, ఈఎఫ్‌ఐతో కలిపి. హోం ఫోల్డర్ రోజూ రాత్రి 8కి ఇంకో డిస్కులోకి కాపీ అయ్యేటట్టు పెట్టినా, అది పెంగ్విన్ తమ్ముడి మాట. డిస్కు మీద తెల్ల స్టిక్కర్ అంటించి, పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతోనే "దీన్ని ఎవరూ క్లీన్ చేయొద్దు" అని ప్రింటు తీసి పెట్టినా.

హంద్రీ_గట్టు, ఆదివారం సాయంత్రం 6:10

రెండో డిస్కు యాడ పెట్టినావు?

బురుజు_డీటీపీ, ఆదివారం సాయంత్రం 6:14

డోన్‌లో మా చెల్లెలి ఇంట్లో సార్. మేడ మీద గదిలో.